దూబగుంట ఆడవాళ్లలో ఏం మారింది?

ధైర్యం ఉన్నవాళ్లే ఉద్యమాల్లోకి వస్తారని చాలామంది అనుకుంటారు. నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమాన్ని దగ్గరగా చూస్తే, అక్కడ ధైర్యం తర్వాత వచ్చింది.

1990-91లో జిల్లా అంతా అక్షరదీపం అనే అక్షరాస్యతా కార్యక్రమం కింద రాత్రిబడులు నడిచాయి. కూలికి వెళ్లొచ్చి, వంట ముగించుకుని ఆడవాళ్లు పలక పట్టేవాళ్లు. వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది. అది సారా వల్ల చితికిపోయిన కాపురం కథ. పాఠం అయ్యాక, మా ఇంట్లోనూ ఇదే గోల అని ఒకరి తర్వాత ఒకరు నోరు విప్పారు. నా దృష్టిలో అసలు మార్పు ఆ మాటల్లోనే జరిగింది. నా ఖర్మ అని సరిపెట్టుకున్న దెబ్బలకూ పస్తులకూ ఊళ్లోని సారా దుకాణంతో లంకె ఉందని, ఆ దుకాణం వెనక, సారా అమ్ముకునే హక్కుకు సర్కారు పెట్టే వేలంపాట ఉందని తేలింది. ఇంటి గుట్టు అన్న సిగ్గు సడలింది. కోపం ఎవరి మీద పడాలో తెలిసింది.

కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ గెలుపే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై మిగతా ఊళ్లకు చేరింది. 1992 నాటికి జిల్లాలో సారా వేలంపాటలే సాగనివ్వలేదు. సంఘాలు నడిపేవాళ్లు ఈ వరస గమనించాలి. మొదటి పని ఊరి పొలిమేర దాటకూడదు, ఫలితం కొద్దిరోజుల్లో కంటికి కనబడాలి. మొదటిరోజే కలెక్టరేటుకు తీసుకెళ్తే అర్జీ ఇచ్చి ఉత్తచేతులతో తిరిగొస్తారు. మనవల్ల ఏమవుతుందన్న పాత నమ్మకం ఇంకా బిగుస్తుంది.

పదిమందిలో ఎదిరించిన మనిషి రాత్రికి ఒంటరిగా ఇంటికెళ్తుంది. దెబ్బ పడేది అక్కడే. అందుకని నలుగురు వెళ్లి దిగబెట్టాలి, పొద్దున్నే మళ్లీ వెళ్లి పలకరించాలి. గుంపులో వచ్చిన ధైర్యం గడప లోపల నిలవడానికి చాలాకాలం పడుతుంది.

1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం పెట్టి, 1997లో సడలించారు. సాధించుకున్నది అలా చేజారితే కలిగే నిరాశ మామూలు ఓటమికన్నా లోతుగా దిగుతుంది. ఈసారి గెలుపు మీదే నమ్మకం పోతుంది కాబట్టి.

నెల్లూరులో ఆ ఐకమత్యం పొదుపులక్ష్మి అనే ఆడవాళ్ల పొదుపు సంఘాల్లోకి మళ్లింది. రోజుకు రూపాయి, నెలకు 30. డబ్బు కొంచెమే అయినా, పోరాటం లేని రోజుల్లోనూ కలిసి కూర్చోవాలి, లెక్క అడగాలి, సంతకం పెట్టాలి. ఆ లెక్కల పుస్తకం వంతులవారీగా అందరి చేతికీ రావాలి. ఒక్కరి దగ్గరే ఉండిపోతే ఆమె మోయలేక అలసిపోతుంది, మిగతావాళ్లు మళ్లీ తలూపేవాళ్లవుతారు.