కర్నూల్లో ఏముందని అడిగేవాళ్ళకి

మా ఊరికి ఎవరైనా చుట్టాలొస్తే ఊరివాళ్ళే వాళ్ళని ఊరు దాటించేస్తారు. మంత్రాలయం పోండి, మహానంది చూడండి, యాగంటి, బెలుం గుహలు, శ్రీశైలం... ఈ వరసలో కర్నూలు పేరు మాత్రం ఉండదు. హాస్టల్లో నా గదిలోనే ఉన్న రాజమండ్రి స్నేహితురాలు ఇన్నేళ్ళ తర్వాత రాఘవేంద్రస్వామి దర్శనం చేసుకుని మా ఇంటికి వస్తానంటే, ఈసారి ఎక్కడికీ పోయేది లేదు, ఊరే చూపిస్తానని పట్టుబట్టాను. "ఊర్లో ఏముందని?" అన్నాడు మా ఆయన. దాంతో పంతం ఇంకా పెరిగింది.

పొద్దున్నే ఉగ్గాని బండి దగ్గరికి తీసుకెళ్ళాను. బొరుగుల్ని, అంటే మరమరాల్ని, నీళ్ళలో ఇలా ముంచి అలా తీసి, రెండు చేతులతో గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతున్నంతసేపూ కళ్ళార్పకుండా చూసింది. "అటుకుల ఉప్మానా ఇది?" అంది. "కాదే, ముందు తిను" అన్నాను. పక్కన పెట్టిన మిరపకాయ బజ్జీ కొరగ్గానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అయినా ఇంకోటి అడిగింది. ప్లేటు యాభై చేశారు. ఇరవైకి కడుపు నిండా తిన్న రోజులు మొన్నమొన్నటివే.

అక్కణ్ణుంచి కొండారెడ్డి బురుజుకి ఆటో మాట్లాడితే నూట యాభై అన్నాడు. షేరింగ్‌లో ఇరవైకి పోయే దూరం. బేరమాడి ఎక్కితే దారి పొడుగునా అదే పాట. "ఈ ఊర్లో యేముంది మేడం, బురుజు చూసి యేం చేస్తారు? మహానంది పోండి, మా తమ్మునికి కారుంది, మాట్లాడిస్తా." నాకు ఒళ్ళు మండింది. పుట్టి పెరిగిన ఊరు గురించి మనమే ఇట్లా చెబితే బయటివాళ్ళు ఇక్కడ ఎందుకు దిగుతారు?

బురుజు కనబడగానే ఆవిడ మొదటి మాట: "సుమోలు, బాంబులు ఇక్కడేనా?" నవ్వుతూనే అంది, నాకు మాత్రం మనసు చివుక్కుమంది. ఆ బురుజు అచ్యుతదేవరాయల కాలం నాటిది, విజయనగరం వాళ్ళు కట్టిన కోటలో మిగిలిన ముక్క. ఆలంపురం దొర కొండారెడ్డిని ఇందులో బంధించారని, అందుకే ఆ పేరని పెద్దవాళ్ళు చెబుతారు. లోపలి సొరంగం నది కిందుగా గద్వాల దాకా పోతుందని నా చిన్నప్పుడు ప్రతి పిల్లా నమ్మేది. ఇవన్నీ వదిలేసి సినిమాల్లో చూపించిన కొట్లాటే ఊరికి గుర్తుగా మిగలడం నాకు నిజంగా బాధ. పైకెక్కాక ఆవిడ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. సొరంగం గురించే గుచ్చి గుచ్చి అడిగింది.

హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్‌కి వెళ్ళేసరికి ఎండ ముదిరింది. కర్నూలును పాలించిన బీజాపూర్ వాళ్ళ గవర్నరు అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి, 1618 నాటిది. బీజాపూర్‌లో అంత పేరున్న గోల్ గుంబజ్ కంటే ముందే కట్టారు దీన్ని. లోపలి నీడలో తెల్ల గడ్డం పెద్దాయన ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఎక్కణ్ణుంచొచ్చారని అడిగి, రాజమండ్రి అనగానే, "గోదారి ఊరా? నీళ్ళంటే మీకు చెప్పేదేముందమ్మా. మాకూ వచ్చినాయి ఒకసారి" అంటూ లేచి నిలబడి చెయ్యి పైకెత్తాడు. చాలదన్నట్టు మునివేళ్ళ మీద లేచి ఇంకా పైకి చాపాడు. "ఇంతకన్నా పైకి. మా ఇంట్లో ఫ్యాను మునిగింది."

2009 అక్టోబరు 2. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగాయి. కింద శ్రీశైలం డ్యాం నిండుకుండలా ఉంది, నీళ్ళు పోవడానికి దారి లేక ఊరి మీద పడ్డాయి. అప్పుడు మేం పాతబస్తీలో ఉండేవాళ్ళం. పక్కింటివాళ్ళ మిద్దె ఎక్కి, తడిసిన దుప్పటి కింద మా అమ్మ, నేను, ఎవరో తెలియని ఇద్దరు పిల్లలు రాత్రంతా కూర్చున్నాం. నీళ్ళు తీశాక బీరువా తలుపు తెరుచుకోలేదు. గునపంతో తెరిస్తే అమ్మ పెళ్ళి పట్టుచీర బురదలో గట్టిపడి అట్టలా వచ్చింది. ఇదంతా ఆ పెద్దాయన ముందే చెప్పాను. మా కాలనీ పేరు అడిగి, తలూపి, "మీకింకా ఎక్కువ వచ్చుంటాయి" అన్నాడు. ఆయనకి చెప్పక్కర్లేకుండానే అన్నీ తెలుసు.

ఆ తర్వాత తుంగభద్ర దగ్గరికి పోతే అంతా బండలు, ఇసుక, మధ్యలో సన్నగా నీళ్ళు. మామూలుగా అయితే "ఇదా మీ నది?" అనేదే. ఏమీ అనకుండా ఒడ్డున మునిగిన వీధులు ఏ వైపో చూపించమంది. చూపించాను. మధ్యాహ్నం భోజనం, మా చెల్లెలి ఇల్లు, రెండు చీరల కొట్లు, వాటి గురించి చెప్పడానికేం లేదు.

సాయంత్రం సి క్యాంపులో టీ తాగుతూ, ఈ ఏ, బి, సి క్యాంపులన్నీ కర్నూలు రాజధానిగా ఉన్నప్పటి ఉద్యోగుల కోసం పుట్టినవే అంటే నమ్మలేదు. కోస్తా, సీమ నాయకులు రాసుకున్న శ్రీబాగ్ ఒప్పందం, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, చాలినన్ని భవనాల్లేక గుడారాల్లో నడిచిన ఆఫీసులు, 1956లో హైదరాబాదుకి తరలిపోవడం, అన్నీ చెప్పాను. ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు అనగానే, "ఆయన మా ఊరి మునిసిపల్ చైర్మన్ కదే!" అని కుర్చీలోంచి లేచింది. గుడారాలు ఎక్కడ వేశారని టీ కొట్టు అబ్బాయిని ఆవిడే అడిగింది. "రాజధానా? ఎప్పుడు మేడం?" అన్నాడు. వాడిదేం తప్పు? చుట్టూ ఎక్కడైనా ఒక బోర్డు కనిపిస్తే కదా వాడికి తెలిసేది. మూడేళ్ళు ఒక రాష్ట్రాన్ని మోసిన ఊరికి, వచ్చేపోయేవాళ్ళు చదువుకునేలా ఒక రాయి నిలబెట్టలేరా? నాకు దీని మీద కోపం ఉంది, ఉంటుంది.

రాత్రి బస్సెక్కేముందు పుల్లారెడ్డి మిఠాయిలు కట్టించాను. ఆ పేరు 1948లో మా ఊళ్ళోనే మొదలైందంటే అదీ కొత్త సంగతే ఆవిడకి. వానాకాలంలో నది నిండాక మళ్ళీ వస్తానంది. వస్తే తుంగభద్ర మీద సుంకేసుల బ్యారేజీకి తీసుకెళ్తాను. కేసీ (కర్నూలు-కడప) కాలువ మొదలయ్యేది అక్కడే, మా ఊరు తాగే నీళ్ళూ అక్కడివే. ఆటో అతని తమ్ముడి కారు మాత్రం మాట్లాడను.