రోజూ తోలడానికి కార్వెట్ సీ8 ఆ, పోర్షే 911 ఆ?

ముందే చెప్పేస్తున్నా, చివరికి నేను తీసుకుంది పోర్షే 911, అది కూడా బేస్ కరేరా, అంటే 911 ల్లో మొదటి మెట్టు, 2020 మోడల్, సెకండ్ హ్యాండ్. కానీ చాలా కాలం నా మనసంతా కార్వెట్ సీ8, అంటే ఎనిమిదో తరం కార్వెట్ మీదే ఉండేది, ఇప్పటికీ రోడ్డు మీద ఒకటి కనపడితే అది మలుపు తిరిగేదాకా చూస్తా. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళలో ఈ రెండు కార్ల గురించి మాట్లాడుకునేవాళ్ళు బాగా పెరిగారు, మొన్న భోజనాల దగ్గర ఒక తమ్ముడు కూడా "అన్నా, వీకెండ్ కారు కాదు, రోజూ ఆఫీసుకి దాంట్లోనే వెళ్తా, రెండిట్లో ఏది తీసుకోమంటావ్" అని అడిగాడు, ప్లేటు చేత్తో పట్టుకుని రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదు కాబట్టి తీరిగ్గా ఇక్కడ రాస్తున్నా.

కాగితం మీద చూస్తే అసలు పోటీయే లేదు. సీ8 లో 6.2 లీటర్ల వీ8, 490 హార్స్‌పవర్, జెడ్51 అనే పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉంటే 0 నుంచి 60 మైళ్ళకి 2.9 సెకన్లు అంటారు దాన్ని చేసే షెవర్లే వాళ్ళు. బేస్ కరేరాలో 3.0 లీటర్ల ట్విన్ టర్బో ఫ్లాట్ సిక్స్, అంటే ఆరు సిలిండర్ల ఇంజిన్, 379 హార్స్‌పవర్, 4.0 సెకన్లు. ధర చూస్తే ఇంకా అన్యాయం. 2020 లో సీ8 మొదలైంది 59,995 డాలర్లకి, అదే ఏడాది కరేరా మొదలైంది 97,400 కి, ఆప్షన్లు కలపక ముందే, పోర్షేలో ఆప్షన్లు కలపడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో తెలిసిందే. ఆ తేడాతో ఇంట్లోకి ఇంకో క్యామ్రీ వచ్చేస్తుంది. అందుకే కొత్త 911 ఆలోచన నేను పెట్టుకోలేదు, హంగులన్నీ ఉన్న సీ8 ధరకి అటూ ఇటూగా సర్టిఫైడ్, అంటే కంపెనీయే తనిఖీ చేసి వారంటీ ఇచ్చే సెకండ్ హ్యాండ్ 911 దొరికితే ఏది మేలు అనేదే నా ప్రశ్న.

నా రోజు ఎలా ఉంటుందంటే పొద్దున 121 హైవే ఎక్కి టోల్‌వే మీదకి, అక్కడ ఎనిమిది దాటితే బండ్లన్నీ పాక్కుంటూ పోతాయి, సాయంత్రం మళ్ళీ అదే, దార్లో ఇండియన్ స్టోర్, పాప డాన్స్ క్లాసు. ఇందులో ఆ 2.9 సెకన్లు వాడుకునే చోటే లేదు. వాడేది 20 నుంచి 60 మధ్యలో ఒక్క తోపు, పక్క లేన్‌లోకి దూరడానికి, ర్యాంప్ మీద కలవడానికి. ఆ పనికి రెండూ కావాల్సిన దానికన్నా ఎక్కువే. వీ8 కాలు పెట్టగానే ఉరుకుతుంది, టర్బో లేదు కాబట్టి మధ్యలో ఆలోచించడం ఉండదు, ఆ శబ్దం వింటే ఎవరికైనా మనసు లాగేస్తుంది. 911 టర్బో ఇంజినే అయినా 1,950 ఆర్‌పీఎం దగ్గరే పూర్తి టార్క్ వచ్చేస్తుంది కాబట్టి ట్రాఫిక్‌లో వెనకబడింది అనే మాటే రాదు. గేర్లు రెండిట్లోనూ ఎనిమిదే, రెండూ డ్యూయల్ క్లచ్‌లే, పాకుతున్న ట్రాఫిక్‌లో పీడీకే అనే పోర్షే గేర్‌బాక్స్ ఇంకొంచెం నునుపు అనిపించింది నాకు, కానీ దానికోసం కారు మార్చుకునేంత తేడా కాదు.

అసలు తేడా అంతా ఇంజిన్ ఎక్కడ పెట్టారు అన్న దగ్గర ఉంది. 1963 లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో చూపించినప్పటి నుంచి 911 ఇంజిన్ వెనక చక్రాల ఇరుసు దాటి వేలాడుతూనే ఉంది, ఇంజినీరింగ్ లెక్కల్లో అది తప్పుడు చోటు అని ఎంతమంది అన్నా వాళ్ళు వదల్లేదు. కార్వెట్ 1953 నుంచి ఇంజిన్ ముందు పెట్టుకునే వచ్చింది, దాన్ని మధ్యలోకి తేవాలని జోరా ఆర్కస్ డన్‌టోవ్ అనే ఇంజినీరు షెవర్లే మాతృసంస్థ జీఎంలో ఎన్నో ఏళ్ళు పోరాడాడు, ఆయన బతికుండగా కాలేదు, 2019 జులైలో సీ8 వచ్చాక గానీ తీరలేదు. రేసు కారుకి మధ్యలో ఇంజినే కరెక్ట్, అందులో డౌటు లేదు. కానీ రోజూ తోలేవాడికి దాని లెక్క వేరే. ఇంజిన్ మీ తల వెనకాలే కూర్చుంటే అక్కడ ఇంకో సీటుకి చోటుండదు, వెనక అద్దంలోంచి చూపు ఇంజిన్ మీదుగా పోవాలి, డిక్కీ ఎగ్జాస్ట్ పక్కకి వెళ్తుంది. 911 లోలాగా ఇంజిన్‌ని ఇంకా వెనక్కి నెడితే మధ్యలో రెండు చిన్న సీట్లు పడతాయి. నా నిర్ణయం మొత్తం దాదాపు ఈ ఒక్క ముక్కలోనే ఉంది.

నాన్న తెనాలి నుంచి వచ్చి మా దగ్గరున్నప్పుడు అందరం కలిసి సీ8 చూడ్డానికి వెళ్ళాం. నాన్నని ఒక రౌండు తిప్పి తీసుకొచ్చా, తర్వాత మా ఆవిడని ఒక రౌండు, ఎవరు కార్లో ఉంటే మిగతా వాళ్ళు పాపని పట్టుకుని షోరూమ్‌లో నుంచోవడం. అప్పుడే తెలిసిపోయింది మా ఇంట్లో ఈ కారుతో బతుకు ఎలా ఉంటుందో. నాన్న ఓటు మాత్రం కార్వెట్‌కే, దిగేటప్పుడు మోకాళ్ళు పట్టేసి డోరు ఫ్రేము పట్టుకుని లేవాల్సి వచ్చినా "ఈ సౌండు ముందు అదేం కారురా" అని ఇప్పటికీ వీడియో కాల్‌లో అంటారు. ఎత్తు లెక్కలు చూస్తే సీ8 48.6 అంగుళాలు, 911 దానికన్నా సుమారు రెండున్నర అంగుళాలు ఎక్కువ. వినడానికి తక్కువే గానీ రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగే నడుముకి అది బాగా తెలుస్తుంది.

వెడల్పు కూడా అంతే. సీ8 76.1 అంగుళాలు, 911 72.9. స్టోర్ ముందు పార్కింగ్‌లో ఒకపక్క సబర్బన్, ఇంకోపక్క ఒడిస్సీ ఉంటే ఆ మూడంగుళాలే డోరు తెరిచే సందు, అందులోనూ సీ8 డోర్లు పొడుగు. ఇంక కనపడటం సంగతి. 911 లో కూర్చుంటే ముందు రెండు ఫెండర్లూ రెండు గట్లలా కనపడతాయి, కారు మూల ఎక్కడుందో కళ్ళకే తెలుస్తుంది, పిల్లర్లు సన్నం, భుజం మీదుగా తల తిప్పితే పక్క లేన్‌లో ఏముందో నిజంగా కనపడుతుంది. సీ8 లో ముందు చూపు అద్భుతం, బానెట్ అంతా కిందకి దిగిపోయి రోడ్డు ఒళ్ళోకి వచ్చినట్టుంటుంది, కానీ కుడి భుజం వెనక ఏమీ కనపడదు, ర్యాంప్ మీంచి కలిసేటప్పుడు అద్దాల మీదా సెన్సార్ల మీదా పూర్తిగా ఆధారపడాలి. అందుకే సీ8 అంటే 2ఎల్‌టీ ట్రిమ్ కన్నా కిందది తీసుకోవద్దంటా, వెనక కెమెరా అద్దం, బ్లైండ్ జోన్ అలర్ట్ అక్కడ్నుంచే వస్తాయి.

సామాన్ల విషయంలో మాత్రం సీ8 ని తక్కువ అంచనా వేయొద్దు. ముందూ వెనకా కలిపి 12.6 క్యూబిక్ ఫీట్లు, వెనక డిక్కీలో రెండు గోల్ఫ్ సెట్లు పడతాయి, రూఫ్ ప్యానెల్ తీస్తే అదీ అక్కడే పెట్టుకోవచ్చు. ఒక్కటే గుర్తుంచుకోవాలి, ఆ వెనక డిక్కీ ఇంజిన్ పక్కనే ఉంటుంది కాబట్టి వేడెక్కుతుంది, టెక్సస్ జులైలో అందులో పెరుగు డబ్బా, కొత్తిమీర పెట్టి ఇంటికొచ్చేసరికి కట్ట వడిలిపోయి డబ్బా గోరువెచ్చగా ఉంటుంది, అలాంటివన్నీ ఫ్రంక్‌లో, అంటే ముందు బానెట్ కింద ఉండే డిక్కీలో పెట్టుకోవాలి. 911 లో ఫ్రంక్ 132 లీటర్లే, ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా, పైన కూరగాయల సంచి పెడితే నిండిపోతుంది, మిగతాదంతా వెనక సీట్లు మడిచి అక్కడ పడేయడమే. ఆ వెనక సీట్లు పెద్దవాళ్ళకి పనికిరావు, అది నిజం. కానీ మా పాపకి ఆరేళ్ళు, టెక్సస్‌లో ఎనిమిదేళ్ళ వరకు లేకపోతే 4 అడుగుల 9 అంగుళాలు దాటే వరకు బూస్టర్ సీటు తప్పనిసరి, అది అక్కడ చక్కగా సరిపోయింది. స్కూలు దగ్గర దింపడం నా కార్లోనే జరుగుతుంది అంటే దాని విలువ నాకు వంద హార్స్‌పవర్ కన్నా ఎక్కువ.

సీ8 లో నేను మిస్సవుతున్నవి కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. ఒకటి ఫ్రంట్ లిఫ్ట్. బటన్ నొక్కితే మూడు సెకన్లలోపే ముక్కు 40 మిల్లీమీటర్లు లేస్తుంది, పైగా జీపీఎస్‌తో వెయ్యి చోట్ల దాకా గుర్తుపెట్టుకుంటుంది, మీ అపార్ట్‌మెంట్ గేటు ఏటవాలు దగ్గర ఒక్కసారి సేవ్ చేస్తే తర్వాత నుంచి అక్కడికి రాగానే అదే లేస్తుంది. రోజూ తోలేవాడి కష్టం తెలిసినవాళ్ళు ఆలోచించి పెట్టిన ఫీచర్ అది. 911 లో కూడా లిఫ్ట్ ఆప్షన్ ఉంది గానీ సెకండ్ హ్యాండ్‌లో చాలావాటికి ఉండదు. రెండోది మ్యాగ్నెటిక్ రైడ్ అనే సస్పెన్షన్, అది ఉన్న సీ8 గతుకుల మీద అంత మెత్తగా పోతుందని నేను అనుకోలేదు. మన టోల్‌వేలన్నీ కాంక్రీటు కదా, ఆ కాంక్రీటు మీద 911 వెనక టైర్ల రొద లోపలికి బాగా వస్తుంది, ఫోన్ మాట్లాడాలంటే గొంతు పెంచాలి. మూడోది రన్‌ఫ్లాట్ టైర్లు. ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు ఎటు చూసినా కొత్త ఇళ్ళ కన్‌స్ట్రక్షనే, రోడ్డు మీద మేకులకి లోటు లేదు. రెండు కార్లలోనూ స్టెప్నీ లేదు, కానీ మేకు దిగినా సీ8 లో మెల్లగా ఇంటికి చేరొచ్చు, 911 లో సీలెంట్ కొట్టి గాలి పట్టుకోవాలి, అదీ పని చేయకపోతే టో ట్రక్కే.

వర్షం గురించి వేరేగా చెప్తా, ఎందుకంటే ఏప్రిల్, మే లో మన దగ్గర కురిసే వానకి వెడల్పాటి టైర్లున్న కారు నీళ్ళ మీద తేలిపోతుందేమో అని నిజంగానే భయం. ఈ తరం 911 లో ముందు చక్రాల వెనక ఆర్చ్‌లో చిన్న మైకుల్లాంటి సెన్సార్లున్నాయి, టైర్లు నీళ్ళు చిమ్మే చప్పుడు విని రోడ్డు ఎంత తడిగా ఉందో లెక్కేసి, వెట్ మోడ్‌కి మారమని డ్యాష్‌లో చెప్తుంది. మొదటిసారి అది వచ్చినప్పుడు నేను ఎటు పోతున్నానో దానికి నాకన్నా ముందు తెలిసినట్టనిపించింది. సీ8 లో వెదర్ మోడ్ ఉంది, బాగానే పని చేస్తుంది, కానీ మనమే గుర్తుపెట్టుకుని మార్చుకోవాలి. ఇంక చలి. 2021 ఫిబ్రవరి గడ్డకట్టిన వారం ఇక్కడున్నవాళ్ళెవరూ మర్చిపోరు, అలాంటి చలిలో సమ్మర్ టైర్లు రాయిలా గట్టిపడి పట్టు వదిలేస్తాయి. బేస్ సీ8 కి మిషెలిన్ ఆల్ సీజన్ టైర్లు ఫ్యాక్టరీ నుంచే వస్తాయి, జెడ్51 తీసుకుంటే సమ్మర్ టైర్లు. రోజూ తోలేవాడికి జెడ్51 అవసరం లేదని నా గట్టి అభిప్రాయం, రోడ్డు మీద ఆ తేడా దాదాపు తెలీదు.

లోపల కూర్చునే చోటు గురించి మా ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది. సీ8 లో డ్రైవరుకీ పక్క సీటుకీ మధ్య ఏసీ బటన్లన్నీ ఒకే వరసలో పొడుగ్గా గట్టు మీద పెట్టారు, డ్రైవరు సీట్లో ఉంటే ఫైటర్ జెట్‌లా బాగుంటుంది, పక్కన కూర్చున్నవాళ్ళకి మాత్రం "నాకూ నీకూ మధ్య గోడ కట్టారు" అనిపిస్తుంది, ఆవిడ అన్నది అదే. 2026 మోడల్లో ఆ గట్టు తీసేసి లోపలంతా మార్చారు కాబట్టి కొత్తది కొనేవాళ్ళకి ఈ బాధ లేదు. 911 లోపల తప్పులు లేవని కాదు, మీటర్లలో రెండు చివర్లవి స్టీరింగ్ చక్రం వెనక దాక్కుంటాయి, గ్యాస్, అంటే పెట్రోల్ ఎంతుందో చూడాలంటే తల పక్కకి వంచాలి. ఇంత పెద్ద కంపెనీ, ఇన్నేళ్ళ అనుభవం, అది ఎలా వదిలేశారో నాకర్థం కాదు.

గ్యాస్ ఖర్చులో పెద్ద తేడా లేదు, రెండూ ప్రీమియమే తాగుతాయి, సిటీ హైవే కలిపి గ్యాలన్‌కి ఒకటి 19, ఒకటి 20. హైవే మీద వీ8 సగం సిలిండర్లు ఆపేసుకుంటుంది కాబట్టి ఆస్టిన్ వెళ్ళొస్తే సీ8 దే పైచేయి. సర్వీసు మాత్రం పోర్షేకి ఎక్కువే అవుతుంది, దానికి సిద్ధపడకుండా కొనొద్దు. షెవర్లే డీలరు ప్రతి ఊళ్ళో ఉంటాడు, అదొక ధైర్యం. కొత్త సీ8 కి మూడేళ్ళు 36,000 మైళ్ళు వారంటీ, ఇంజిన్ గేర్‌బాక్స్‌కి ఐదేళ్ళు 60,000, పోర్షే కొత్తదానికి నాలుగేళ్ళు 50,000. సెకండ్ హ్యాండ్ 911 తీసుకుంటే సర్టిఫైడ్ వారంటీ ఉన్నదే తీసుకోండి, కొంచెం తక్కువకి వస్తుంది కదా అని వారంటీ లేనిది వద్దు. నాకైతే ఒక డీలరు దగ్గర యాక్సిడెంట్ లేదని చెప్పిన కారుకి బంపర్ రంగు ఒక షేడ్ తేడాగా ఉంది, బయటి మెకానిక్‌తో చూపించుకుంటానంటే ఒప్పుకోలేదు, వెనక్కొచ్చేశా. మెకానిక్‌కి ఇచ్చే ఆ కొద్ది డబ్బులు దండగ అని మాత్రం అనుకోవద్దు.

తమ్ముడూ, నీకింకా పిల్లల్లేరు, ఇంట్లో ఇంకో కారుంది, గ్యారేజ్ ఉంది. నీ చోట నేనుంటే సీ8 నే తీసుకునేవాణ్ణి, 2ఎల్‌టీ, జెడ్51 లేకుండా, ఆల్ సీజన్ టైర్లతో, ఫ్రంట్ లిఫ్ట్ ఉన్నది దొరికేదాకా ఆగి మరీ. పిల్లలున్నవాళ్ళు 911 చూసేటట్టయితే ఒక్కటి, 2025 మోడల్ నుంచి కూపేలో వెనక సీట్లు అడిగితేనే పెడతారు, డబ్బులేం తీసుకోరు గానీ అడగకపోతే రెండు సీట్ల కారే వస్తుంది, కాబట్టి స్టాక్‌లో ఉన్న బండి కొనేముందు వెనక్కి తొంగి చూడండి, పిల్లల బూస్టర్ సీటు కూడా వెంట తీసుకెళ్ళి అక్కడే పెట్టి చూసుకోండి.