ఖాళీ స్థలం లెక్కలు

పన్నెండు దాటింది. నిద్ర రావడం లేదు. ఒడిశాలోని బరంపురంలో కొత్తగా వెలసిన మా కాలనీ మీటింగులో విన్న ఆ ఒక్క మాట ఇంకా మింగుడు పడటం లేదు.

వాటర్ ట్యాంకు పక్కనున్న ఉమ్మడి స్థలంలో కల్యాణ మండపం కట్టాలట. మన అంగన్‌వాడీకి సొంత గది లేదు. అద్దె పోర్షన్‌లో వంట, బియ్యం బస్తాలు, పిల్లలు అన్నీ ఒకే చోట. గోడకి ఎత్తు కొలిచే కాగితం అంటించారు, సరిగ్గా దాని ముందే గ్యాస్ సిలిండర్. పిల్లని నిలబెట్టాలంటే ముందు సిలిండర్ జరపాలి. ఈ సంగతే చెప్పాను. ముందు వరసలో పెద్దాయన ఒకరు, "అవన్నీ తర్వాతమ్మా, తెలుగు ఇళ్లెన్ని, ఒడియా ఇళ్లెన్ని, ముందది తేల్చండి" అన్నారు.

ఒళ్లు మండిపోయింది. ఆకలికి భాష ఏమిటి? పాత బరంపురం నుంచి వచ్చిన నేత కుటుంబాలున్నాయి. గోపాలపూర్ ఆర్మీ వాళ్ల హిందీ కుటుంబాలున్నాయి. పిల్లల చదువుల కోసం పల్లెలు వదిలి వచ్చిన ఒడియా వాళ్ల ఇళ్లలో చాలామంది మగవాళ్లు సూరత్ మరమగ్గాల దగ్గరే ఉంటారు. ఇక్కడ మిగిలేది ఆడవాళ్లు, పసిపిల్లలు, ముసలివాళ్లు. అడగాల్సింది వయసు కదా అని ఇంటికొచ్చి ఈయనతో గంటసేపు వాదించాను. ఆయన పాపం, మజ్జిగన్నం తింటూ విన్నారు.

కానీ ఇందాక పక్క మీద వాలాక అత్తయ్యని ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు గుర్తొచ్చింది. నేను ఓపీ చీటీ కోసం క్యూలో ఉన్నాను. లోపల కుర్ర డాక్టరు, కటక్ వైపు మనిషి కాబోలు, ఒడియాలో గబగబా అడుగుతున్నాడు. అత్తయ్యకి బజారు ఒడియా బాగానే వచ్చు, కానీ ఒంట్లో బాధ చెప్పుకోవాలంటే తెలుగే. మూడుసార్లు మొదలుపెట్టి ఆగిపోయిందట. ఆయన విసుక్కుని మాత్రలు రాసేశాడు. స్ట్రెచర్ తోసే ముసలాయన, పాత ఊరి ఒడియా ఆయన, తెలుగు గడగడా మాట్లాడతాడు, తలుపు దగ్గరే విని లోపలికొచ్చి, "బాబూ, ఈమెకి రాత్రిళ్లు ఆయాసమట, పడుకోలేకపోతోందట" అని చెప్పాడు. అప్పుడు ఈసీజీ తీశారు. ఆ రోజు ఆయన అక్కడ లేకపోతే?

1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరిది. పాతకాలం ఒడియా వాళ్లలో చాలామందికి తెలుగు అర్థమవుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకి రాదు, ఎందుకు వస్తుంది? కాబట్టి భాష కూడా లెక్కలోకి రావాల్సిందే. పెద్దాయన అడిగింది తప్పనలేను. మండపం కోసం అడగడమే నాకు నచ్చలేదు. ఆసుపత్రిలో ఎవరిని పెట్టాలి, అంగన్‌వాడీలో పిల్లలతో ఏ భాష మాట్లాడాలి, వీటికి కావాలి ఆ లెక్క.

అసలు తలల లెక్కే లేదు మనకి. అంగన్‌వాడీకి 400 నుంచి 800 మంది జనం, పట్టణ ఆరోగ్య కేంద్రానికి 50,000 మంది అని రూలు. చివరి జనగణన 2011లో. అప్పుడిక్కడ వరి పొలాలు! కాగితం మీద మనం లేనే లేము. 2027 లెక్కల్లోనూ సూరత్‌లో ఉన్నవాళ్లు అక్కడి లెక్కలోకే పోతారు. ఇక్కడి ఇల్లు సగం ఖాళీగా కనిపిస్తుంది, అందులో ముసలి తల్లి మాత్రం ఒక్కతే ఉంటుంది.

మీటింగులో నా వైపు మాట్లాడింది పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని అని) ఒక్కతే. ఆమె కొడుకూ సూరత్‌లోనే. ఎంత సంతోషమేసిందో.

రేపు చివరి లైను నుంచి మొదలుపెడతాం ఇద్దరం. ఆరేళ్లలోపు పిల్లలెందరు, అరవై దాటినవాళ్లెందరు, ఇంట్లో ఏం మాట్లాడతారు, ఇంతే ప్రశ్నలు. హిందీ ఇళ్లలో మా పెద్దది మాట్లాడుతుంది. ఆదివారం స్థలం కొలవడానికి మేస్త్రీ వస్తాడట, ఆలోపే ఆ నోటుబుక్కు సెక్రటరీ గారి చేతిలో పెట్టాలి.