పడిపోయిన చేలో కోత: టార్పాలిన్లు లెక్కపెట్టాకే మిషన్ని పిలిచాం

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి మా 12 ఎకరాల సాంబ మసూరి వరి, అంటే బీపీటీ 5204 రకం, కోతకొచ్చి ఉంది. టైర్ల మీద నడిచే కోత మిషన్, రెండు ట్రక్కులు, నలుగురు కూలీలు అని ముందే మాట్లాడుకున్న ఏర్పాటు, ఆ వానకు పైరు పడిపోయి పనికిరాకుండా పోయింది.

ముందు బోదెలు, అంటే చిన్న కాలువలు, తీసి నీళ్లు బయటికి పంపాం. నీళ్లలో ఆనుకున్న వెన్నులు మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కలిపి పిచికారీ చేశాం. బురదలో దిగబడుతుంది కాబట్టి టైర్ మిషన్ వద్దనుకుని, చైన్ల మీద నడిచే మిషన్ మాట్లాడాం.

అసలు లెక్క కల్లం దగ్గరుంది. ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 వచ్చాయనుకుంటే, రెండంగుళాల మందాన పరవడానికి 24 బై 18 అడుగుల టార్పాలిన్లు రెండు కావాలి. ఆ ఎండకు ఆరడానికి మూడు రోజులు. మా దగ్గరున్నవి 12, కాబట్టి రోజుకు రెండెకరాలే కోయాలి. అంతకు మించి కోస్తే తడి ధాన్యం కుప్పలోనే వేడెక్కి రంగు మారుతుంది. రెండెకరాల కోసం మిషన్ రోజంతా ఆగదు. అందుకే పక్క రైతుతో కలిసి చెరి రెండెకరాలు కోయించుకున్నాం. ట్రక్కుల్లో ఒకటి తగ్గించాం, కూలీల్ని ఆరుగురిని చేసి అయిదుగురిని ఆరబోతలో పెట్టాం. గంటకోసారి తిరగేయడం, మంచు పడకముందే కుప్ప చేసి కప్పడం వాళ్ల పని.

డ్రైవరుకు చెప్పుకోవాల్సినవి వేరే ఉన్నాయి. పదకొండు దాటి మంచు ఆరాకే మొదలుపెట్టాలి. పైరు ఎటు వాలిందో దానికి ఎదురుగా పోనివ్వాలి, పైరును లోపలికి లాగే రీల్‌ను కిందికి దించి కాస్త ముందుకు జరపాలి. తడి గడ్డి గింజ రాల్చే డ్రమ్ముకు చుట్టుకుంటుంటే చాలామంది డ్రమ్ము వేగం పెంచుతారు, దాంతో గింజ విరుగుతుంది. పెంచాల్సిన పనిలేదు, చిన్న గేరులో సగం వెడల్పే కోస్తే చాలు. ఇలా ఎకరాకు గంటన్నర పైనే పట్టింది. ఎకరాల లెక్కన డబ్బులిస్తే ఎవరైనా తొందరపడతారు, గంటల లెక్కే మేలు.

మిషన్ వెనక పడ్డ గడ్డిని చదరపు మీటరు మేర దులిపి గింజలు లెక్కపెట్టండి. ఈ సన్నగింజ రకంలో 100 కనబడితే ఎకరాకు దాదాపు ఆరు కిలోలు పోయినట్టు. ఎక్కువుంటే ఫ్యాను గాలి తగ్గించి, జల్లెడ శుభ్రం చేయించాలి.

మబ్బు పట్టి ఎండ రాని రోజున క్వింటా ధాన్యానికి 20 కిలోల పొడి ఊక, కొంత ఉప్పు కలిపి ఉంచాం. మర్నాడు తూర్పారబట్టడం అదనపు పనే, కానీ గింజ నిలిచింది.

ప్రభుత్వ కొనుగోలుకు ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. 24 శాతం నుంచి 17కు దిగేసరికి క్వింటాకు ఎనిమిది కిలోల పైనే తూకం తగ్గుతుంది, అది నీరే, ఎవరూ తీసుకున్నది కాదు. తేమ చూసేప్పుడు పై గింజలే తీస్తే 16 చూపిస్తుంది, అడుగున 19 ఉంటుంది. పైన, మధ్యన, అడుగున పిడికెడు చొప్పున తీసి కలిపి, నీడలో పది నిమిషాలు చల్లారాకే మీటర్లో పోయాలి. ఎండలోంచి నేరుగా పోసిన వేడి గింజల రీడింగ్ నమ్మి బస్తాలు కుట్టేస్తే, కొనుగోలు కేంద్రం దగ్గర వాటిని విప్పి మళ్లీ ఆరబోయాల్సి వస్తుంది.