రెండు నుంచి నాలుగు డ్యూటీ

మా వైపు నుంచి కొత్తగా అగ్నివీర్‌గా వెళ్లిన కుర్రాళ్లు ఫోన్ చేసినప్పుడు పీటీ గురించీ పరుగు గురించీ పెద్దగా ఏమీ అనరు. "అన్నా, రాత్రి గార్డ్ డ్యూటీలో టైం కదలట్లేదన్నా" అంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

ఆర్మీ గార్డ్ అనగానే బయటివాళ్లకి బోర్డరూ బంకరూ గుర్తొస్తాయి కానీ, చాలామందికి చాలాసార్లు కాపలా కాయాల్సి వచ్చేది ఒక గేటుకో, కంచెకో, ఆయుధాలు పెట్టే కోత్ తలుపుకో. రెండు గంటలు నిలబడాలి, నాలుగు గంటలు రెస్ట్, మళ్లీ రెండు గంటలు, ఇలా ఒక రోజంతా. కూర్చోకూడదు, గోడకి ఆనుకోకూడదు, సిగరెట్ లేదు, కబుర్లు లేవు, ఫోన్ గార్డ్ రూమ్‌లోనే వదిలి రావాలి. సెంట్రీ, అంటే కాపలా నిలబడ్డవాడు, పోస్టులో నిద్రపోతే ఏమవుతుందో ఆర్మీ యాక్ట్ 1950, సెక్షన్ 36లో రాసే ఉంది: యాక్టివ్ సర్వీస్‌లో, అంటే శత్రువు మీద ఆపరేషన్లలో ఉన్నప్పుడు అయితే 14 ఏళ్ల దాకా, మామూలప్పుడైనా 7 ఏళ్ల దాకా జైలు పడొచ్చు.

ఇంత భయం ఉన్నా నిద్ర ఎందుకొస్తుంది? బద్ధకం వల్ల కాదు తమ్ముళ్లూ. గంటల తరబడి రాడార్ తెర చూసేవాళ్లు గుర్తులు ఎందుకు మిస్సవుతున్నారో తెలుసుకోవాలని బ్రిటన్‌లో నార్మన్ మాక్‌వర్త్ అనే శాస్త్రవేత్త ఒక పరీక్ష పెట్టి, 1948లో ఫలితాలు ప్రచురించాడు. గడియారం లాంటి పలక మీద ముల్లు ఒక్కో అడుగే కదులుతుంది, ఎప్పుడో ఒకసారి రెండడుగులు దూకుతుంది, అది కనిపెట్టాలి, అంతే. రెండు గంటల పరీక్షలో మొదటి అరగంట దాటేసరికే వాళ్లు దూకుళ్లు ఎక్కువగా వదిలేయడం మొదలైంది. మధ్యలో టెలిఫోన్‌లో ఒక్క మాట చెబితే మళ్లీ చురుకయ్యారు. గార్డ్ కమాండర్ రౌండ్‌కి వచ్చి "సబ్ ఠీక్?" అని అడగడం వెనక ఇంత సంగతి ఉంది. ఆయన వచ్చాడని విసుక్కోకండి, నాలుగు మాటలు గట్టిగా రిపోర్ట్ చెయ్యండి, మీకే మత్తు వదులుతుంది.

బోర్ కొడితే మనసులో ఊరెళ్లిపో, బస్టాండ్ నుంచి ఇంటిదాకా ఒక్కో కొట్టూ తలుచుకుంటూ నడువు అని కొందరు సీనియర్లు చెబుతారు. నాకది నచ్చదు. టైం గడుస్తుంది, నిజమే, కానీ కళ్లు తెరిచే ఉంటాయి, ఏమీ చూడవు. దాని బదులు ఎదురుగా ఉన్న నేలనే ముక్కలు చేసుకోండి, దగ్గరిది, మధ్యది, దూరంది. ఒక్కో ముక్కనీ కుడి నుంచి ఎడమకి చూడండి. ఎడమ నుంచి కుడికి చదివే అలవాటు వల్ల కళ్లు అటు గబగబా జారిపోతాయి, ఇలా తిరగేసి చూస్తేనే ఆగుతాయి. చీకట్లో ఏదైనా అనుమానంగా ఉంటే దాన్ని సూటిగా చూడకండి, కొంచెం పక్కకి చూడండి. తక్కువ వెలుతురులో పనిచేసే కణాలు కంటి నడిమధ్యలో ఉండవు, చుట్టూ ఉంటాయి, అందుకే పక్కచూపుకే ఆకారం బాగా తెలుస్తుంది. కన్ను చీకటికి బాగా అలవాటు పడటానికి సుమారు అరగంట పడుతుంది, ఒక్కసారి ఫోన్ స్క్రీన్ వెలిగిస్తే ఆ అరగంట పోయినట్టే. ఫోన్ రూల్ మీద కోపం ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

చెవులకీ పని చెప్పండి. మన ఊళ్లల్లో తీతువు పిట్ట అరిస్తే అపశకునం అంటారు కదా, సెంట్రీకి అంత మంచి తోడు ఇంకోటి లేదు. అది నేల మీదే గుడ్లు పెడుతుంది కాబట్టి రాత్రిపూట ఎవరు దగ్గరికొచ్చినా, నక్క వచ్చినా, మనిషి వచ్చినా, గొంతు చించుకుని లేస్తుంది. కంచె అవతల అది అరిచిందంటే నా చెయ్యి రైఫిల్ మీద బిగుసుకునేది, "థమ్! కౌన్ ఆతా హై?" (ఆగు! ఎవరు వస్తున్నది?) నాలుక చివరికి వచ్చేసేది.

రూల్స్‌తో నాకు పేచీ లేదు. పేచీ ఉన్నది ఆ నాలుగు గంటల రెస్ట్‌ని తినేసే వాళ్లతో. డ్యూటీ దిగిన పిల్లాడిని గడ్డి కోయమనీ, లంగర్‌లో, అంటే వంటశాలలో, కూరగాయలు తరగమనీ పంపించి, మళ్లీ రాత్రి రెండింటికి కళ్లు పత్తికాయల్లా పెట్టుకుని నిలబడమంటే ఎలా? అలాంటి చోట చేశాను, తెల్లారేసరికి మా బ్యాచ్ వాళ్ల కళ్లు ఎలా ఉండేవో చూశాను. నిద్ర కూడా ఆ డ్యూటీలో భాగమే, దాన్ని కాపాడాల్సింది పైవాళ్లు.

ఇంట్లోవాళ్లకి కూడా ఒక మాట. అబ్బాయి గార్డ్ దిగి ఫోన్ చేస్తే తిన్నావా అని అడగండి, బాగున్నామని చెప్పండి, పెట్టేయండి. పొలం తగాదా, చెల్లి సంబంధం గురించి డ్యూటీ లేని రోజు మాట్లాడుకోవచ్చు.