చిన్న వాల్వు వెనక పెద్ద మైకుసెట్టు

స్పీకరుకు వెళ్లే తీగ వేరు, సిగ్నల్ మోసే తీగ వేరు. రెండింటి కొసలకూ ఒకే రకం జాక్ ఉండటం వల్లే, చిన్న గిటారు యాంప్లిఫయర్‌ను పెద్ద మైకుసెట్టుకు కలపబోయినప్పుడు ఈ గొడవంతా. గిటారు వాయించే కుర్రాళ్లు నా దుకాణానికి మోసుకొచ్చే సమస్యల్లో చాలావాటికి మూలం అదే.

పర్లాకిమిడిలో మాది మా నాన్న కాలం నాటి రేడియో మరమ్మతు దుకాణం. ఇప్పుడు రేడియోలు తెచ్చేవాళ్లు లేరు. పెళ్లిళ్లకూ జాతరలకూ సెట్లు అద్దెకిచ్చేవాళ్ల యాంప్లిఫయర్లే ఎక్కువ. మహేంద్రతనయ దాటి పాతపట్నం నుంచి కూడా వస్తాయి. వాల్వుల జోలికి, అంటే పాత రేడియోల్లో వెలిగే ఆ గాజు గొట్టాల జోలికి, వెళ్లేవాళ్లు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ మిగల్లేదు. అందుకే మా మేనల్లుడు విశాఖపట్నంలో ఎవరి దగ్గరో కొన్న పాత గిటారు యాంప్లిఫయర్ తిన్నగా నా బల్ల మీదికి చేరింది. లోపల రెండు వాల్వులు: ఒక 12ఏఎక్స్7, ఒక ఈఎల్84. ఈ రెండోది నాకు కొత్త కాదు, ఒకప్పటి ఫిలిప్స్ రేడియోల్లో చూసినదే. మొత్తం మీద అయిదు వాట్లు.

అయిదు వాట్లంటే ఇంట్లో ఎక్కువే, పక్కింటివాళ్లు వచ్చి తలుపు తడతారు. కానీ వాడు వాయించేది చర్చిలో. రేకుల కప్పు, ఢోలక్, కీబోర్డు, వాటిని మించి పాడే జనం. ఒక ఒడియా పాట, ఒక తెలుగు పాట, ఒక సవర పాట. ఎవరి భాష పాట వచ్చినప్పుడు వాళ్లు గొంతు విప్పుతారు. శ్రావణంలో రేకుల మీద వాన మొదలైందంటే గిటారు వాయిస్తున్నట్టు వేళ్లు చూసి తెలుసుకోవలసిందే.

“మామయ్యా, దీని స్పీకరు తీగ ఊడదీసి మైకుసెట్టు ఆక్స్‌లో పెట్టేస్తే సరిపోదా?” అన్నాడు.

సరిపోదు. చిన్న యాంప్లిఫయర్ పాడవుతుంది, పెద్ద మైకుసెట్టూ తట్టుకోలేదు. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ స్పీకరు లేకపోయినా ఊరికే కూర్చుంటుంది. దాని భయమంతా స్పీకరు ఓములు, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, మరీ తగ్గితేనే. వాల్వు యాంప్లిఫయర్ సంగతి పూర్తిగా తిరగబడి ఉంటుంది. దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు అవతల భారం తప్పకుండా ఉండాలి. స్పీకరు తీసేసి గట్టిగా వాయిస్తే ఆ శక్తి పోవడానికి దారి ఉండదు, వాల్వు వైపు ఉండే ప్రైమరీ చుట్టలో వోల్టేజి విపరీతంగా ఎగబాకుతుంది, ఇన్సులేషన్ కాలుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పోయిన తర్వాత నా దగ్గరికి తెచ్చి లాభం లేదు. మళ్లీ చుట్టించడానికి మనిషిని వెతకాలి, ఆ మనిషి దొరకడు.

ఇక పెద్దదాని వైపు. ఎనిమిది ఓముల స్పీకరులో అయిదు వాట్లంటే సుమారు 6.3 వోల్టులు. (ఈ వాల్వుల హీటరుకు, అంటే లోపల ఎర్రగా కాలే తీగకు, ఇచ్చేదీ 6.3 వోల్టులే. రెండూ కలవడం కాకతాళీయం, అయినా నాకు చూస్తే ముచ్చటేస్తుంది.) వాడు పిండి వాయించే తీరుకు అది ఎనిమిది, తొమ్మిది దాకా పోతుంది. ఆక్స్‌కు, అంటే బయటి పాటల పెట్టెలు కలిపే సాకెట్‌కు, కావలసింది ఒక వోల్టు లోపు. మైకు సాకెట్‌లో పెడితే ఇక చెప్పనక్కరలేదు, అది మిల్లీవోల్టుల కోసం తెరిచిన చెవి.

మైకు పెట్టుకుంటే పోదా అని ఎవరైనా అడుగుతారు. నిజానికి నూటికి తొంభైమందికి నేనిచ్చే సలహా అదే: చిన్న యాంప్లిఫయర్ స్పీకరు ముందు ఒక మైకు, అంతే. స్పీకరు రుచి కూడా అందులోనే వస్తుంది. కానీ ఈ హాల్లో గిటారుకు పక్కనే ఢోలక్ కూర్చుంటుంది. గిటారు మైకు గిటారు కంటే ఢోలక్‌నే ఎక్కువ వింటుంది, కాస్త పెంచితే కూత మొదలు. అందుకే తీగ దారి పట్టాం.

చేసినది చాలా చిన్న పని. చిన్న యాంప్లిఫయర్ స్పీకరు దాని చోటనే ఉంటుంది, ఎప్పటిలాగే మోగుతుంది. దాని రెండు కొసల మీద పది వేల ఓముల రెసిస్టర్, వెయ్యి ఓముల రెసిస్టర్ వరసగా పెట్టి, వెయ్యి ఓముల మీద వచ్చేది మాత్రం బయటికి తీశాను. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకున్నట్టు. పదకొండో వంతు, అంటే అర వోల్టుకు కాస్త పైన. ఎనిమిది ఓముల పక్కన పదకొండు వేల ఓములు ఉన్నాయన్న సంగతి కూడా వాల్వుకు తెలియదు. రెసిస్టర్లలో ఖర్చయ్యేది నాలుగు మిల్లీవాట్లయినా ఉండదు కాబట్టి పావు వాటువి చాలు. పెద్ద వాటేజీవి పెట్టాలని పట్టుబట్టేవాళ్లు దాన్ని స్పీకరుకు బదులు పెట్టే డమ్మీ లోడుతో కలిపేసుకుంటున్నారు. అది వేరే పని, దానికి ఎనిమిది ఓముల లావు రెసిస్టర్ కావాలి, అది కాలుతుంది, గాలి తగలాలి.

అలా కలిపి వింటే గిటారు తేనెటీగల తుట్టెలా మోగింది. ఇందులో వాల్వు దోషం లేదు. గిటారు స్పీకరు అయిదు వేల హెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు. చిన్న యాంప్లిఫయర్‌ను గట్టిగా తోసినప్పుడు పుట్టే గరుకంతా ఆ పైనే ఉంటుంది, దాన్ని ఆ కాగితం కోనే మింగేస్తుంది. మైకుసెట్టు పెట్టెల్లో ట్వీటర్లు, అంటే సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్లు ఉంటాయి, అవి దేన్నీ మింగవు. వెయ్యి ఓముల రెసిస్టర్ మీద అడ్డంగా 0.033 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేశాను. లెక్క ప్రకారం 5,300 హెర్ట్జ్ దగ్గర నుంచి పై స్వరాల కోత మొదలవుతుంది. ఒక్క కెపాసిటర్ అసలు స్పీకరు కోసినంత నిటారుగా కోయలేదు కాబట్టి మైకుసెట్టులో ట్రెబుల్ కూడా సగానికి దించమన్నాను. ఇది అచ్చం స్పీకరు ముందు మైకు పెట్టినట్టు ఉంటుందని చెప్పను. హాల్లో, పాట మధ్యలో, తేడా పట్టేవాడు వాడొక్కడే.

తర్వాత హమ్, అంటే కరెంటు రొద. రెండు యాంప్లిఫయర్లూ ఎవరి ఎర్త్ వాళ్లు పెట్టుకుని, మధ్యలో ఈ తీగ షీల్డ్ (పైన చుట్టిన లోహపు అల్లిక) కూడా కలిపితే చుట్టు పూర్తవుతుంది, గుయ్యిమని మొదలవుతుంది. దీనికి మన వైపు ప్రసిద్ధ చికిత్స ఒకటుంది: చిన్నదాని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయడం. హమ్ పోతుంది, నిజమే. లోపల మూడు వందల వోల్టుల డీసీ తిరుగుతున్న పెట్టెకు అది చేస్తే, ఏ ఇన్సులేషనో జారిన రోజున ఆ పెట్టె, దానికి కలిపిన గిటారు, ఆ గిటారు తీగల మీద వేళ్లు అన్నీ ఒకటే అవుతాయి. అలా విరిచిన ప్లగ్గుతో ఎవరు సామాను తెచ్చినా ముందు ప్లగ్గు మార్చి, దాని డబ్బులు తీసుకుని, తర్వాతే మిగతాది చూస్తాను. అలిగినవాళ్లున్నారు, అలగనివ్వండి.

సరైన దారి మధ్యలో ఒకటికి ఒకటి ట్రాన్స్‌ఫార్మర్, అంటే రెండు వైపులా సమానంగా చుట్టినది, పెట్టడం. సిగ్నల్ దాటుతుంది, తీగకు తీగ తగలదు కాబట్టి ఆ చుట్టు తెగుతుంది. ఆరు వందల ఓములది. ఇంటర్నెట్‌కు ఫోను లైను వాడిన రోజుల మోడెమ్‌లు నా అటక మీద ఇంకా ఉన్నాయి. ఒకటి విప్పితే వేలి కొసంత ట్రాన్స్‌ఫార్మర్ దొరికింది. ఫోను మాటల కోసం చేసినది కాబట్టి గట్టి సిగ్నల్ ఇస్తే కింది స్వరాలు నలుగుతాయి. దాన్ని రెసిస్టర్ల తర్వాత, సిగ్నల్ తగ్గాక పెట్టాలి. గిటారు లావు తీగ 82 హెర్ట్జ్ మాత్రం పరవాలేదనిపించేలా దాటింది. ఇంకో లాభం, దాని అవతలి రెండు తీగలు మార్చి కలిపితే పోలారిటీ తిరగబడుతుంది, అంటే అల తలకిందులవుతుంది. చిన్న స్పీకరూ పెద్ద పెట్టెలూ ఒకేసారి మోగేటప్పుడు ఏ వైపు కలిపితే బొద్దుగా ఉందో వినే నిర్ణయించాం.

వాడికి ఒక్కటి గట్టిగా చెప్పాను: గిటారు గరుకూ ఏడుపూ అంతా చిన్నదే ఏడవాలి. పెద్దదాని పని మోయడం, రుచి కలపడం కాదు. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ హద్దు దాటితే అలను కత్తిరించినట్టు కోసేస్తుంది, వాల్వులా మెల్లగా వంచదు. గిటారు కోసమే చేసిన పెద్ద ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ ఎక్కడైనా దొరికితే ముందు సాకెట్‌లో కాక, వెనక ఎఫెక్ట్స్ రిటర్న్ అని ఉండే చోట పెట్టమన్నాను. లేకపోతే రెండు టోన్ కంట్రోళ్లు ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి. ఇక అయిదు వాట్ల తర్వాత యాభై వాట్లు పెట్టినంత మాత్రాన పది రెట్లు వినపడదు. పది డెసిబెల్స్ పెరుగుతుంది, చెవికి దాదాపు రెట్టింపు, అంతే. మిగతా బలం పెట్టెల సంఖ్యది, వాటిని ఎత్తులో పెట్టినదానిది.

ఇప్పుడు వానలోనూ గిటారు వినిపిస్తోంది. మిగిలింది కరెంటు. సాయంత్రం ఆరాధన వేళకు వోల్టేజి 230 నుంచి 190కి దిగితే హీటరుకు అందేది 5.2 వోల్టులు, వాల్వు నీరసిస్తుంది, వాడు తన చేతులదే లోపమనుకుని ఇంకా గట్టిగా మీటుతాడు. స్టెబిలైజర్ కొనమని సంఘ పెద్దలను అడిగితే, ముందు ఫ్యాన్లు అన్నారు.