గడ్డిలోంచి లేచిన తెల్లరెక్కల పురుగు

హైదరాబాద్ శివారులో మా ఇంటి పక్కన అన్నీ ఖాళీ ప్లాట్లే. వానలు పడితే మోకాలెత్తు గడ్డి. పోయిన సెప్టెంబరులో పొద్దున్నే అటు నడుస్తుంటే, అడుగేసినప్పుడల్లా తెల్లటి చిన్న పురుగొకటి లేచి, నాలుగు గజాలు ఎగిరి, మళ్లీ గడ్డిలో దిగేది. పగలు ఎగురుతోంది కదా, సీతాకోకచిలుకే అనుకుని వారం రోజులు ఆ ఫొటోల్లోనే వెతికాను. దొరకలేదు.

ఒకరోజు గడ్డిపరక మీద వాలినదాన్ని వంగి దగ్గరగా చూశాను. రెక్కలు పైకి నిలబెట్టకుండా ఒంటికి చుట్టుకున్నట్టు మడిచింది. మీసాలు సన్నటి దారాల్లా ఉన్నాయి, సీతాకోకచిలుకకి ఉన్నట్టు కొసన గుండు లేదు. అంటే సీతాకోకచిలుక కాదు, ఎక్కువగా రాత్రుళ్లు తిరిగే దాని చుట్టం, మాత్. తెల్లటి రెక్కల నిండా కుంకుమ బొట్లు, వాటి మధ్య కాటుక చుక్కలు!

అక్కడే తెల్ల చారలు, నారింజ మచ్చలున్న నల్లటి గొంగళిపురుగు దొరికింది. గడ్డిలో దొరికింది కాబట్టి సీసాలో గడ్డే వేశాను. రెండు రోజులు ముట్టలేదు. చచ్చిపోతుందేమోనని ఒకటే టెన్షన్. అమ్మకి చూపిస్తే, అది ఉన్న చోట ఏ మొక్కలున్నాయని అడిగింది. పసుపుపచ్చ పూల కొమ్మ ఒకటి తెచ్చాను.

"ఇది జనుము జాతిదిరా. తెనాలి దగ్గర మనూళ్లో వరికోతల ముందు చేలో జనుము చల్లేవాళ్లం. విత్తనానికి ఉంచితే కాయలకి ఇలాంటి పురుగే పట్టేది."

కొమ్మ పెట్టిన గంటకే కాయకి బెజ్జం చేసి తల లోపలికి దూర్చింది.

జనుము పురుగని వెతికితే పేరు దొరికింది: ఉటెథీసా. ఇది ప్రజాతి పేరు, అంటే దగ్గరి జాతులన్నిటికీ కలిపి ఇంటిపేరు లాంటిది. మన దగ్గర ఈ ప్రజాతిలో అచ్చం ఒకేలా ఉండేవి ఒకటికి మించి ఉన్నాయి, ఫొటోతో విడదీయడం కష్టం. అందుకే ప్రజాతి పేరు దగ్గరే ఆగాను. ఊహించి పూర్తి పేరు రాసుకోవడం నాకిష్టం లేదు.

జనుము గింజల్లోని విషపు ఆల్కలాయిడ్లను ఈ పురుగు ఒంట్లో దాచుకుంటుంది. రెక్కలొచ్చాక కూడా అవి ఉంటాయి. అమెరికాలో దీని దాయాదిని కార్నెల్ యూనివర్సిటీలో కీటక శాస్త్రవేత్త థామస్ ఐస్నర్ పరిశీలించారు. అది సాలెగూట్లో చిక్కితే సాలీడే దారాలు తెంపి వదిలేస్తుందట. పట్టపగలు అంత ధైర్యంగా ఎలా ఎగురుతోందో అప్పుడర్థమైంది.

వారానికి ఎండాకుల మధ్య పల్చటి దారాలు అల్లుకుని గోధుమరంగు ప్యూపా అయింది. 9వ రోజు పొద్దున ముడతలు పడ్డ రెక్కలతో పుల్లకి వేలాడుతోంది. కాఫీ తాగి వచ్చేసరికి రెక్కలు సాగి, బొట్లన్నీ విచ్చుకున్నాయి.

సాయంత్రం ఆ మొక్క దగ్గరే మూత తీశాను. ఇక చూడాల్సింది గుడ్లు. రోజూ పొద్దున్నే ఆ ఆకులు తిరగేస్తున్నాను.